కూలెంట్ సెన్సర్ పోయిందా, వైరింగ్ పోయిందా? మార్చే ముందు చేయాల్సిన పరీక్షలు

మార్చి, ఏప్రిల్ నెలల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ ముందు మిర్చి బస్తాలతో బారులు తీరే బండ్లు గంటల తరబడి అడుగులో అడుగేసుకుంటూ కదులుతాయి. ఇంజిన్ ఆగదు, బండి సాగదు, రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు. ఆ సమయంలో నీళ్లను చల్లబరిచేది ఫ్యాన్ ఒక్కటే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండిలో అది ఎప్పుడు తిరగాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, నిర్ణయిస్తుంది. ఇంజిన్ ఎంత వేడెక్కిందో ఆ ఈసీయూకు చెప్పేది బొటనవేలంత ఉండే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్.

బండి హీట్ ఎక్కుతోందనో, ఫ్యాన్ తిరగట్లేదనో షెడ్డుకు తీసుకెళ్తే మన దగ్గర సాధారణంగా జరిగేవి మూడు. ఏ పరీక్షా లేకుండా కొత్త సెన్సర్ వేస్తారు. లేదంటే ఫ్యాన్‌ను డైరెక్ట్ చేసేస్తారు, అంటే తాళం తిప్పగానే తిరిగేలా వైరు కలిపేస్తారు. అదీ కాకపోతే, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వును పీకి పక్కన పడేస్తారు. మొదటి దాంతో డబ్బు పోతుంది. మిగతా రెండింటితో అసలు లోపం దాక్కుంటుంది. సెన్సర్ వేడిని పెంచదు, తగ్గించదు. ఉన్న వేడిని చెబుతుంది, అంతే. అది చెప్పేది నిజమో కాదో తేల్చడానికి ఒక డిజిటల్ మల్టీమీటరు, ఓ అరగంట తీరిక చాలు.

లోపల ఏముంది

ఇత్తడి లేదా ప్లాస్టిక్ బాడీ కొసన, నీళ్లలో మునిగే భాగంలో, థర్మిస్టర్ అనే చిన్న గింజ ఉంటుంది. మాంగనీస్, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్లను కాల్చి చేసిన సిరామిక్ అది. రాగి తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) పెరుగుతుంది, దీనిలో పడిపోతుంది. ఆ పడిపోవడం కూడా ఒకే తీరుగా ఉండదు. 20 డిగ్రీల దగ్గర ఒక్కో డిగ్రీకి వంద ఓమ్‌ల దాకా తగ్గితే, 90 డిగ్రీల దగ్గర ఆరేడు ఓమ్‌లే తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సెన్సర్ తగాదాల్లో సగం అర్థమైపోతాయి.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే బాష్ తరహా సెన్సర్ లెక్కలు సుమారుగా ఇవి. మారుతి కార్లలో వచ్చేవి కూడా వీటికి చాలా దగ్గరగా ఉంటాయి.

0 డిగ్రీలు: 5.9 కిలో ఓమ్‌లు
20 డిగ్రీలు: 2.5 కిలో ఓమ్‌లు
30 డిగ్రీలు: 1.7 కిలో ఓమ్‌లు
40 డిగ్రీలు: 1.17 కిలో ఓమ్‌లు
60 డిగ్రీలు: 600 ఓమ్‌లు
80 డిగ్రీలు: 320 ఓమ్‌లు
90 డిగ్రీలు: 243 ఓమ్‌లు
100 డిగ్రీలు: 187 ఓమ్‌లు

అన్ని కంపెనీలదీ ఇదే లెక్క కాదు. జనరల్ మోటార్స్ వాడిన డెల్ఫై తరహా సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 3.5 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, కానీ 80 డిగ్రీలకు వచ్చేసరికి అదీ 330 దగ్గరే ఉంటుంది. అందుకే వేడి మీద ఒక్కసారి కొలిచి 'బాగానే ఉంది' అనుకుంటే కుదరదు, ఏది అసలు పార్టో ఏది వేరే బండిదో ఆ కొలత చెప్పలేదు.

ఈసీయూకు ఓమ్‌లు కొలవడం రాదు, వోల్టేజీ కొలవడమే వచ్చు. తన లోపలున్న ఒక స్థిరమైన రెసిస్టర్ గుండా 5 వోల్టులను సెన్సర్‌కు పంపి, ఆ రెండూ కలిసే చోట ఎన్ని వోల్టులున్నాయో చూస్తుంది. సెన్సర్ రెండో వైరు ఈసీయూ ద్వారానే ఎర్త్‌కు వెళ్తుంది. లోపలి రెసిస్టర్ 2.2 కిలో ఓమ్‌లు అనుకుంటే 20 డిగ్రీల దగ్గర 2.66 వోల్టులు, 40 దగ్గర 1.74, 80 దగ్గర 0.64, 90 దగ్గర 0.5 వోల్టు వస్తాయి. చల్లగా ఉంటే ఎక్కువ వోల్టులు, వేడెక్కేకొద్దీ తక్కువ. కొన్ని కంట్రోలర్లు 50 డిగ్రీలు దాటాక లోపలి రెసిస్టర్‌ను మార్చుకుంటాయి. అలాంటి బండిలో వోల్టేజీ తగ్గుతూ తగ్గుతూ ఒక్కసారి పైకి ఎగిరి మళ్లీ తగ్గుతుంది. అది లోపం కాదు, దాని తీరే అంత.

వైరు తెగిపోతే పూర్తి 5 వోల్టులు నిలబడతాయి, ఈసీయూకు ఇంజిన్ గడ్డకట్టుకుపోయినట్టు కనిపిస్తుంది. ఈసీయూలోని అంకెల్ని, లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌లో మైనస్ 40 చూపిస్తుంది. వైరు ఎర్త్‌కు తగిలితే సున్నా వోల్టులు, అంటే 130 డిగ్రీలకు పైన మండిపోతున్నట్టు లెక్క. ఈ రెండూ అసాధ్యమైన రీడింగులు కాబట్టి ఈసీయూ వెంటనే పట్టేసి చెక్ ఇంజిన్ లైట్ వెలిగిస్తుంది. మొదటి దానికి పీ0118, రెండో దానికి పీ0117 కోడ్. చాలా బండ్లలో అప్పుడు ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ఇంజిన్‌ను ఒక ఊహించిన ఉష్ణోగ్రతతో నడిపిస్తుంది. కప్లర్ (సెన్సర్‌కు వైర్లను తగిలించే ప్లగ్గు) పీకేస్తే ఫ్యాన్ తిరుగుతుందని కనిపెట్టిన కొందరు డ్రైవర్లు దాన్ని అలాగే వేలాడదీసి నడుపుతుంటారు. అలా నడిపే బండికి నిజంగా హీట్ ఎక్కినప్పుడు హెచ్చరించేవాళ్లు ఎవరూ ఉండరు.

మధ్యరకం అబద్ధాలు

పూర్తిగా చచ్చిపోయిన సెన్సర్‌తో పెద్ద ఇబ్బంది లేదు, కోడే చెబుతుంది. కోడ్ రాకుండా తప్పు చెప్పే వైరింగే మనుషుల్ని తిప్పుతుంది. ఇక్కడ లెక్క కాస్త నిదానంగా చూడాలి.

కప్లర్ పిన్నుకు పచ్చ చిలుము పట్టి, దారిలో అదనంగా 300 ఓమ్‌ల అడ్డు వచ్చిందనుకోండి. పొద్దున్నే 20 డిగ్రీల దగ్గర సెన్సర్ 2,500 ఓమ్‌లుంటే ఈసీయూకు 2,800 కనిపిస్తుంది. అంటే 17 డిగ్రీలు. మూడు డిగ్రీల తేడాను ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. అదే ఇంజిన్ 90 డిగ్రీలకు చేరాక సెన్సర్ 243 ఓమ్‌లు, చిలుము 300, మొత్తం 543. ఈసీయూ లెక్కలో అది 63 డిగ్రీలు. ఇంజిన్ 100 దాటుతున్నా ఈసీయూ ఇంకా వార్మప్ అవుతోందనే భ్రమలో ఉంటుంది. ఫ్యాన్ తిరగదు. పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. షెడ్డులో చల్లటి ఇంజిన్ మీద పరీక్షిస్తే సెన్సర్ శుభ్రంగా పాసవుతుంది. కొత్త సెన్సర్ వేసినా ఫలితం అంతే, ఎందుకంటే చిలుము కప్లర్‌లోనే ఉండిపోయింది.

దీనికి తిరగబడ్డ రకం కూడా ఉంది. ప్రెషర్ వాష్ నీళ్లు కప్లర్‌లోకి వెళ్లి రెండు పిన్నుల మధ్య 5 కిలో ఓమ్‌ల దొంగదారి ఏర్పడిందనుకుందాం. వేడి మీద దీని ప్రభావం దాదాపు లేనట్టే: 243 కాస్తా 232 అవుతుంది, ఒకటిన్నర డిగ్రీల తేడా. చల్లగా ఉన్నప్పుడు మాత్రం 2,500 ఓమ్‌లు 1,667కు పడిపోతాయి. 20 డిగ్రీల ఇంజిన్ 30 డిగ్రీలుగా కనిపిస్తుంది. చలి ఇంకా పెరిగితే తేడా ఇంకా పెరుగుతుంది. వరంగల్‌లో మే నెలలో దీన్ని ఎవరూ గమనించలేరు. డిసెంబరు, జనవరిల్లో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున వేడి పది డిగ్రీల కిందికి దిగినప్పుడు బయటపడుతుంది. డీజిల్ బండిలో హీటర్ ప్లగ్గులు ఎంతసేపు వెలగాలో ఈ సెన్సర్ చూసే ఈసీయూ తేల్చుకుంటుంది కాబట్టి, ఉన్నదానికంటే వేడిగా చెబితే ప్లగ్గులు ముందే ఆరిపోతాయి. సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాలి, తెల్లటి పొగ వస్తుంది. చాలామంది బ్యాటరీ మార్చేది ఇక్కడే.

దారిలో అడ్డు పెరిగితే వేడి మీద తప్పు చెబుతుంది, దొంగదారి ఏర్పడితే చల్లగా ఉన్నప్పుడు తప్పు చెబుతుంది. బండి ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో డ్రైవర్‌ను అడిగితే ఏది వెతకాలో సగం తెలిసిపోతుంది.

మీటరు పట్టే ముందు

మొట్టమొదట చూడాల్సింది నీళ్లు. సెన్సర్ కొస నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. కూలెంట్ కారిపోయి కొస గాలిలో తేలితే, ఇంజిన్ హెడ్ మాడిపోతున్నా రీడింగ్ మామూలుగానో, ఇంకా తక్కువగానో ఉండవచ్చు. సూది మధ్యలోనే ఉందని నడుపుకుంటూ పోతే హెడ్ గాస్కెట్ పోవడం ఇలాగే జరుగుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో గీత దాకా నీళ్లున్నాయని ఊరుకోకూడదు. రేడియేటర్ మూతలోని చిన్న వ్యాక్యూమ్ వాల్వు పనిచేయకపోతే డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి చూడాలి. మూత దాదాపు 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి కింద నీళ్లు 115 డిగ్రీలున్నా మరగవు. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టి తీయడం కూడా పనికిరాని ధైర్యమే.

తర్వాత కప్లర్. లాక్ నొక్కి తీసి పిన్నుల్ని వెలుగులో చూడాలి. పచ్చ చిలుము, వంగిన పిన్ను, వదులైన పిన్ను, లోపల తడి, ఎండి విరిగిన రబ్బరు సీలు ఉన్నాయేమో చూడాలి. వైరును మెల్లగా లాగి చూడాలి. పైకి జాకెట్ బాగుండి లోపల రాగి తెగి ఉండవచ్చు. వడ్ల గోదాముల దగ్గర, పత్తి నిల్వల దగ్గర రాత్రుళ్లు ఆగే బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లు మామూలే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఆరాక గట్టిగా పెట్టి చూస్తే అక్కడికే సమస్య తీరిపోయే బండ్లు చాలా ఉంటాయి.

తెల్లవారుజాము పరీక్ష

పైసా ఖర్చులేని పరీక్షల్లో దీన్ని మించింది లేదు. 2013 ఏప్రిల్ తర్వాతి బీఎస్-4 కార్లకు, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 కార్లకు స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ అడాప్టర్‌ను అందులో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. బండి రాత్రంతా ఆగి ఉండాలి. ఎండ రాకముందే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం ఆన్ చేసి రెండు అంకెలు చూడాలి: కూలెంట్ ఉష్ణోగ్రత ఒకటి, ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత రెండోది. రాత్రంతా ఒకేచోట చల్లారిన బండిలో ఈ రెండూ మూడు నుంచి ఐదు డిగ్రీల లోపు కలవాలి. గాలి 27, కూలెంట్ 41 అని చూపిస్తే వాటిలో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో గోడకు వేలాడే మామూలు థర్మామీటరు చెబుతుంది. పది గంటల ఎండలో ఈ పరీక్ష చేస్తే బానెట్ కింద గాలి ముందే కాగిపోయి లెక్క తప్పుతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి అంకెను గమనిస్తూ ఉండాలి. ఎక్కడా ఆగకుండా, ఎగరకుండా పైకి పోవాలి. 82 లేదా 88 డిగ్రీల దగ్గర (థర్మోస్టాట్ మీద ముద్రించిన అంకె బట్టి) వాల్వు తెరుచుకున్నప్పుడు పెరగడం కాస్త ఆగుతుంది, ఒకట్రెండు డిగ్రీలు దిగుతుంది కూడా. 95 నుంచి 100 మధ్య ఫ్యాన్ తిరగాలి, నాలుగైదు డిగ్రీలు దిగాక ఆగాలి. ఏసీ ఆన్‌లో ఉంటే ఫ్యాన్ దానికోసమే తిరుగుతుంది, కాబట్టి పరీక్షప్పుడు ఏసీ ఆపాలి. మధ్యలో అంకె ఒక్కసారి మైనస్ 40కి పడి మళ్లీ 70కి వస్తే వైరు ఎక్కడో ఊగుతోందని అర్థం. 65 దగ్గరే ఆగిపోయి, రోడ్డెక్కగానే ఇంకా దిగితే సెన్సర్ కంటే ముందు థర్మోస్టాట్‌ను అనుమానించాలి. అది తెరుచుకునే ఉండిపోయింది, లేదా ఎవరో తీసేశారు. దీనికి పీ0128 కోడ్ వస్తుంది. ఆ కోడ్ చూసి సెన్సర్ మార్చడం అనవసరపు ఖర్చు.

ఇంజిన్ ఆపిన తర్వాత రెండు మూడు నిమిషాలకు రీడింగ్ ఎనిమిది, పది డిగ్రీలు పెరగడం సహజం. నీళ్లు తిరగడం ఆగి, హెడ్‌లోని వేడంతా నిలిచిన నీళ్లలోకి దిగుతుంది. బండి ఆపాక ఫ్యాన్ మళ్లీ కాసేపు తిరిగితే భయపడాల్సింది లేదు.

కప్లర్ పీకి, వైరు కలిపి

స్కానర్‌లో కూలెంట్ అంకె చూస్తూ, తాళం ఆన్‌లో కప్లర్ పీకాలి. మైనస్ 40 రావాలి. తర్వాత కప్లర్‌లోని రెండు పిన్నుల్ని సన్నటి వైరు ముక్కతో కలపాలి. అంకె 130కి పైకి దూకాలి. రెండూ జరిగితే ఈసీయూ, వైరింగ్ రెండూ బాగున్నట్టే. అనుమానం ఇక సెన్సర్ మీదే. కప్లర్ పీకినా, వైరు కలిపినా అంకె కదలకపోతే ఎన్ని కొత్త సెన్సర్లు వేసినా లాభం లేదు. ఒక జాగ్రత్త: కొన్ని ఈసీయూలు కప్లర్ పీకగానే మైనస్ 40కి బదులు తాము ఊహించుకున్న అంకెనే స్కానర్‌లో చూపిస్తాయి. అలాంటప్పుడు అంకెను వదిలి, పీ0118 కోడ్ వచ్చిందా అని చూడాలి.

పిన్నులు కలిపితే ఏదైనా కాలిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు, లోపలి రెసిస్టర్ వల్ల రెండు మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూ మాత్రమే పారుతుంది. కానీ మూడు, నాలుగు పిన్నుల సెన్సర్ అయితే వైరింగ్ బొమ్మ చూడకుండా కలపొద్దు, వాటిలో మీటర్ సూదికి వెళ్లే వైరు వేరే ఉంటుంది. బల్బు టెస్టర్ అసలే వాడొద్దు. అది బ్యాటరీ 12 వోల్టులను ఈసీయూ పిన్ను మీదికి పంపిందంటే సెన్సర్ ధర ఒక మూలకు కూడా రాదు.

స్కానర్ లేకపోతే మీటరుతోనే వెళ్లాలి. కప్లర్ పీకి, తాళం ఆన్ చేసి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర ప్రోబ్ కప్లర్ సిగ్నల్ పిన్నుకు పెడితే 5 వోల్టుల దగ్గర ఉండాలి. తర్వాత రెండు ప్రోబ్‌లూ రెండు పిన్నులకే పెట్టినా అంతే రావాలి. బ్యాటరీ నెగటివ్‌తో 5 వచ్చి, పిన్నుల మధ్య రాకపోతే సెన్సర్ ఎర్త్ వైరు తెగింది. ఎక్కడా 5 లేకపోతే సిగ్నల్ వైరు తెగింది లేదా ఎర్త్ అయింది.

చిలుము లాంటి మధ్యరకం లోపానికి ఈ పరీక్ష చాలదు. కప్లర్ పీకి మీటరు పెడితే కరెంటు దాదాపు పారదు, కరెంటు పారనిదే అడ్డు బయటపడదు. కప్లర్ పెట్టే ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవాలి. 0.05 వోల్టుకు మించితే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్టే. 90 డిగ్రీల దగ్గర మొత్తం సిగ్నలే అర వోల్టు కాబట్టి, ఇంత చిన్న అంకె కూడా లెక్కలోకి వస్తుంది. పిన్ను వైరు తొడుగుకు గుచ్చకూడదు, ఆ రంధ్రంలోంచే వచ్చే వానాకాలంలో చిలుము మొదలవుతుంది.

మరిగే నీళ్ల పరీక్ష

సెన్సర్ ఊడదీశాక అనుమానం మిగలకుండా తేల్చేది ఇదే. కావాల్సింది గిన్నె, నీళ్లు, థర్మామీటరు, మీటరు. కొస మాత్రమే మునిగేలా సెన్సర్‌ను వైరుతో వేలాడదీయాలి. గిన్నె అడుగుకు తగిలితే నీళ్ల కంటే వేడిగా కొలుస్తుంది, పిన్నుల దాకా మునిగితే నీళ్లే దొంగదారి అవుతాయి. మీటరు ముందు 20 కిలో ఓమ్‌ల స్కేలులో, తర్వాత 2 కిలో ఓమ్‌ల స్కేలులో. మామూలు నీళ్లలో ఒక కొలత, 60 దగ్గర ఒకటి, మరుగుతున్నప్పుడు ఒకటి. థర్మామీటరు లేకపోయినా మరిగే నీళ్లే కొలబద్ద. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 266 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పైన చెప్పిన తరహా సెన్సర్ అప్పుడు 190 ఓమ్‌ల దగ్గర ఉండాలి. 20 డిగ్రీల అంకెను 80 డిగ్రీల అంకెతో భాగిస్తే ఎనిమిదికి దగ్గరగా రావాలి. నాలుగో ఐదో వస్తే గింజ పాడైంది.

ప్రతి కొలత దగ్గరా ఒక నిమిషం ఆగాలి. కొసకు సున్నపు గార పట్టి ఉంటే అంకె చాలా నెమ్మదిగా కదులుతుంది. బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఇత్తడి కొస అయితే ఇంట్లో చెంబు తోమినట్టే చింతపండు నీళ్లలో కాసేపు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే గార పోతుంది. ఉప్పుకాగితంతో గీకొద్దు. తర్వాత మంచి నీళ్లతో కడిగి మళ్లీ కొలవాలి.

నీళ్లు మరుగుతుండగానే సెన్సర్ వైపు కప్లర్ భాగాన్ని వేలితో అటూ ఇటూ ఊపి చూడాలి. అంకె ఎగిరిపడితే లోపలి అతుకు ఊడింది. వేడికి వ్యాకోచించినప్పుడే ఊడి, చల్లారగానే అతుక్కునే సెన్సర్లు ఉంటాయి. షెడ్డుకు వచ్చేసరికి బాగుండి, మేడారం జాతర ట్రాఫిక్‌లో తాడ్వాయి దగ్గర మొరాయించేవి ఇవే.

ఫ్యాన్ డైరెక్ట్, వాల్వు తీసివేత

నలభై ఐదు డిగ్రీల రామగుండం ఎండలో ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే ఆ రోజుకు బండి గట్టెక్కుతుంది. ఇంటికి చేరడానికి అది సరైన పనే. అలాగే ఆరు నెలలు వదిలేయడమే తప్పు: ఫ్యాన్ మోటారు బుష్‌లు అరుగుతాయి, ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది, పలచటి వైరుతో రిలే లేకుండా కలిపితే ఆ వైరే కాగి కరుగుతుంది.

వాల్వు తీయడం మాత్రం ఏ ఎండలోనూ సమర్థించలేని పని. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని అడుగు బిళ్ల బైపాస్ దారిని మూసేస్తుంది. వాల్వే లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాగిన నీళ్లలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండా తిరిగి ఇంజిన్‌లోకే పోతుంది. ఖాళీ బండి 60 డిగ్రీల దగ్గర చల్లగా తిరుగుతూ ఇంధనం తాగుతుంది. అదే బండి లోడుతో నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు మునుపటికంటే ఎక్కువ హీట్ ఎక్కుతుంది.

పాత బండ్లు, ట్రాక్టర్లు

మెకానికల్ పంపుతో నడిచే పాత డీజిల్ బండ్లలో, చాలా ట్రాక్టర్లలో ఉండేది సెన్సర్ కాదు, సెండర్. ఒకటే వైరు, మీటర్ సూదికి మాత్రమే. ఎర్త్ బాడీ మరల ద్వారానే వెళ్తుంది. అందుకే దాని మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుడితే సూది చచ్చుబడుతుంది. వైరు పీకి ఒక్క క్షణం ఇంజిన్ బాడీకి తాకిస్తే సూది పూర్తిగా పైకి పోవాలి. పోతే మీటరు, వైరు బాగున్నాయి, సెండర్ పోయింది. పాత పెట్రోలు కార్లలో సెండర్, ఫ్యాన్ స్విచ్, ఈసీయూ సెన్సర్ మూడూ వేర్వేరుగా, పక్కపక్కనే ఉండేవి. ఒకటి చెడితే ఇంకొకటి మార్చిన ఉదాహరణలకు కొదవ లేదు. సూది సరిగ్గా ఉండి ఫ్యాన్ తిరగని బండిలో మొదట ఫ్యాన్ ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

దుకాణానికి మీటరు తీసుకెళ్లడం మంచిది. ఏప్రిల్‌లో ఆటోనగర్ కౌంటర్ మీద 35 డిగ్రీల వేడిలో బాష్ తరహా కొత్త సెన్సర్ 1.4 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి. మర ఒకటే, కప్లర్ ఒకటే, అంకె 2 కిలో ఓమ్‌లు దాటితే అది వేరే బండిది; బిగించినా కోడ్ రాదు, జీవితాంతం తప్పే చెబుతుంది. వేళ్లతో కొస పట్టుకుంటే అంకె తగ్గుతూ పోవాలి, ఆ కదలిక గింజ బతికే ఉందనడానికి గుర్తు.

చల్లటి ఇంజిన్ మీద, నీళ్లను సెన్సర్ మట్టం కిందికి దింపి, డీప్ సాకెట్‌తో విప్పాలి. చాలావాటికి 19 ఎంఎం సరిపోతుంది. పాత వాషర్ లేదా రబ్బరు రింగు మళ్లీ వాడొద్దు. అల్యూమినియం హెడ్‌లో ఇత్తడి మర, మొదటి మూడు చుట్లు చేత్తోనే తిరగాలి. చిన్న కార్లలో 15 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, పొడవాటి హ్యాండిల్ వేస్తే మర పోతుంది. క్లిప్పుతో ఆగే ప్లాస్టిక్ సెన్సర్ అయితే రింగుకు కాస్త కూలెంట్ రాసి నొక్కితే దిగుతుంది.

నింపేది సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. మెడికల్ షాపు, బ్యాటరీ షాపు ఎక్కడ దొరికినా పర్లేదు. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లే కలపొద్దు. ఎయిర్ బ్లీడ్ స్క్రూ ఉంటే తెరిచి, బుడగలు లేకుండా ధారగా వచ్చేదాకా నింపాలి. లేకపోతే మూత తీసి ఉంచి ఇంజిన్ నడిపి, పై హోస్ పైపును నొక్కుతూ మట్టం దిగినకొద్దీ పోస్తూ, నీళ్లు కాగకముందే మూత బిగించాలి. గాలి బుడగ సెన్సర్ కొస దగ్గర ఆగితే కొత్తదీ పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. కోడ్ చెరిపేసి, ఏసీ ఆపి, ఫ్యాన్ రెండుసార్లు తనంతట తాను తిరిగి ఆగేదాకా చూడాలి. మర్నాడు పొద్దున, బండి చల్లారాక, మట్టం మళ్లీ చూసి తగ్గినంత పోయాలి.